ఇన్‌స్టంట్ పాట్ డుయో 6 క్వార్ట్: అమెరికా చదువులకి వెళ్ళేవాళ్ళ వంటగదిలో ఎంతవరకు పనికొస్తుంది?

ఒక్క కరెంటు పొయ్యి, దాని మీద ఆధారపడ్డ నలుగురు రూమ్మేట్లు. ఒకరికి సాయంత్రం క్లాసు, ఒకరికి క్యాంపస్ ఉద్యోగం, మిగిలిన ఇద్దరికీ తెల్లారితే అసైన్‌మెంట్ గడువు. అమెరికాలో మాస్టర్స్ మొదటి సెమిస్టర్లో చాలామందికి తిండి చెడేది పొయ్యి దగ్గర నిలబడే అరగంట దొరక్కే. కరెంటుతో తనంతట తానే వండే ప్రెషర్ కుక్కర్ ఇన్‌స్టంట్ పాట్ డుయో. దాని విలువంతా అక్కడే ఉంది. అన్నం, పప్పు, పెరుగు, ఇడ్లీ పిండి పులియడం, ఈ నాలుగూ పొయ్యితో పని లేకుండా, పక్కన మనిషి కాపలా లేకుండా అయిపోతాయి. వేపుళ్ళకి ఇది అస్సలు పనికిరాదు. బెండకాయ, దొండకాయ ఇందులో వేస్తే వేగవు, మగ్గిపోతాయి. కాబట్టి దీనితోపాటు ఒక వెడల్పాటి మూకుడు కొనుక్కోవాల్సిందే. కేవలం అన్నం వండుకుని పచ్చడో, కొన్న కూరో కలుపుకునేవాళ్ళకి ఇంత ఖర్చు దండగ, 20–30 డాలర్ల రైస్ కుక్కర్ చాలు.

సైజు సంగతి ముందు తేల్చుకోండి. 3 క్వార్ట్ అంటే సుమారు 2.8 లీటర్లు, 6 క్వార్ట్ 5.7 లీటర్లు, 8 క్వార్ట్ 7.6 లీటర్లు. కానీ గిన్నె నిండా వండే వీల్లేదు. మామూలు వంటకి మూడింట రెండు వంతులు, అన్నం, పప్పు, శనగల్లాంటి ఉబ్బే వాటికి సగం వరకే గీత. అంటే 6 క్వార్ట్‌లో నీళ్ళతో కలిపి 2.8 లీటర్లు. నలుగురికి ఒక పూట అన్నం హాయిగా వస్తుంది. 3 క్వార్ట్ ఒక్కరికి బాగుంటుంది గానీ అందులో మామూలు ఇడ్లీ స్టాండు పట్టదు. 8 క్వార్ట్ జోలికి పోకండి. ప్రెషర్ రావడానికి అందులో కనీసం రెండు కప్పుల నీళ్ళు కావాలి, తక్కువ వండితే అడుగంటుతుంది.

ఇంటి దగ్గర్నుంచి విజిల్ కుక్కర్ తెచ్చుకుంటే సరిపోదా అంటే, చాలా అద్దె ఇళ్ళలో ఉండే కాయిల్ పొయ్యితో చిక్కు ఉంది. గ్యాస్ కట్టేస్తే మంట ఆగిపోతుంది. కాయిల్ మాత్రం స్విచ్ కట్టేశాక కూడా కొన్ని నిమిషాలు ఎర్రగానే ఉంటుంది, కుక్కర్ విజిల్స్ వేస్తూనే ఉంటుంది, పప్పు అడుగంటుతుంది. కట్టేయగానే కుక్కర్‌ని పక్క బర్నర్ మీదకి జరిపితే ఆ ఇబ్బంది తప్పుతుంది, కానీ అందుకు మనిషి అక్కడే ఉండాలి. పొయ్యి ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడే ఎక్కదు.

విజిల్ లెక్కలు ఇక్కడ మర్చిపోండి. వెయిట్ ఉండే మన కుక్కర్ సుమారు 15 పీఎస్ఐ ఒత్తిడిలో, 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర వండుతుంది. డుయో హై ప్రెషర్ 10.2 నుంచి 11.6 పీఎస్ఐ మాత్రమే, అంటే 115–118 డిగ్రీలు. అందుకే మూడు విజిల్స్‌కి మెత్తబడే కందిపప్పు ఇందులో ఎక్కువసేపు తీసుకుంటుంది.

ఇంకో నిజం. పెట్టె మీద ఎంత వేగం అని రాసినా, టైమరు మొదలయ్యేది ప్రెషర్ ఎక్కాకే. అప్పటిదాకా తెర మీద ‘ఆన్’ అని మాత్రమే కనిపిస్తుంది, దానికి 10–15 నిమిషాలు పడుతుంది. వండాక ఆవిరి దానంతటదే తగ్గడానికి ఇంకో 10–15 నిమిషాలు. ఐదు నిమిషాల అన్నానికి అసలు పట్టేది అరగంట. క్లాసుకి పరిగెత్తే ముందు పెట్టుకుంటే కుదరదు, క్లాసుకి వెళ్తూ పెట్టి వచ్చాక తింటే కుదురుతుంది. వంట అయ్యాక తెర మీద ‘ఎల్ 0:10’ లాంటి అంకెలు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు ఇంకా పది నిమిషాలుంది అనుకుంటారు. వంట అయిపోయి పది నిమిషాలైంది, ఇప్పుడు వెచ్చగా ఉంచుతోంది అని దాని అర్థం.

అన్నం. సోనా మసూరికి పొయ్యి మీద పోసినన్ని నీళ్ళు పోయకూడదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి నీళ్ళు ఆవిరై పోవు. కడిగిన బియ్యం ఒక కప్పుకి ఒకటింపావు కప్పు నీళ్ళు పోస్తే పలుకు పలుకుగా, పులిహోరకి తగ్గట్టు వస్తుంది. ఒకటిన్నర పోస్తే పప్పులోకి, చారులోకి కలుపుకునే మెత్తదనం వస్తుంది. హై ప్రెషర్‌లో 5 నిమిషాలు పెట్టి, తర్వాత 10 నిమిషాలు కదపకుండా వదిలేయండి. బియ్యాన్ని మూడు నాలుగు నీళ్ళు కడగకపోతే గంజి మూత మీద ఆవిరి వదిలే వాల్వ్ దాకా పొంగుతుంది. ‘రైస్’ మీట కూడా ఉంది, అది తక్కువ ఒత్తిడిలో తనే సమయం లెక్కేసుకుంటుంది. చేతితో 5 నిమిషాలు పెట్టుకోవడమే నయం, ఎప్పుడు చేసినా ఒకేలా వస్తుంది. కొలతలో ఒక మెలిక ఉంది. కుక్కర్‌తో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా వంట కొలత కప్పు సుమారు 240. బియ్యం ఒకదానితో, నీళ్ళు ఇంకోదానితో కొలిచారా, అన్నం పాడైనట్టే.

పప్పు. ముందు ఇండియన్ స్టోర్‌లో ఏ కందిపప్పు కొంటున్నారో చూసుకోండి. ‘ఆయిలీ’ అని రాసి ఉన్న సంచిలో పప్పుకి పురుగు పట్టకుండా నూనె పట్టించి ఉంటుంది. దాన్ని వేడి నీళ్ళతో రెండు మూడు సార్లు రుద్ది కడగాలి. నూనె లేని రకం కొంటే ఈ పని లేదు. అరగంట నానిన పప్పు ఒక కప్పు, నీళ్ళు మూడు కప్పులు, చిటికెడు పసుపు, నురగ తగ్గడానికి నాలుగు చుక్కల నూనె, హై ప్రెషర్ 10 నిమిషాలు. నానబెట్టకపోతే 15. ముద్దపప్పుకి నీళ్ళు రెండుంపావుకి తగ్గించండి. చింతపండు, గోంగూర, మామిడికాయ పప్పుతో కలిపి పెట్టకండి. పులుపు పప్పుని మెత్తబడనివ్వదు, ఎంతసేపు ఉడికించినా గింజ గట్టిగానే ఉంటుంది. వాటిని విడిగా చిన్న గిన్నెలో ఉడికించి తర్వాత కలపాలి. టమాటా వేస్తే మాత్రం పర్వాలేదు, ఇంకో మూడు నాలుగు నిమిషాలు పెంచండి.

ఆకలి మీద ఆవిరి వాల్వ్ వెంటనే తిప్పేయడం పప్పు విషయంలో పెద్ద పొరపాటు. పసుపు నురగ వాల్వ్‌లోంచి చిమ్మి, కబోర్డుల మీదా గోడ మీదా పడుతుంది. తెల్ల పెయింట్ మీద పసుపు మరక పోదు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుంది. కనీసం 10 నిమిషాలు ఆగండి.

రూమ్మేట్లు లేకుండా ఒక్కరే ఉంటే అరకప్పు పప్పుకి ఇంత గిన్నె ఎక్కువ. 6 క్వార్ట్‌కి అడుగున కనీసం ఒకటిన్నర కప్పు ద్రవం ఉండాలి. అప్పుడు గిన్నెలో గిన్నె పద్ధతి వాడండి. అడుగున నీళ్ళు పోసి, దానితో వచ్చే స్టాండు పెట్టి, దాని మీద పప్పు గిన్నె. ఇదే పద్ధతిలో ఒకేసారి రెండూ అవుతాయి. అడుగు గిన్నెలో నానిన కందిపప్పు, మూడింతల నీళ్ళు, పైన పొడుగు కాళ్ళ స్టాండు మీద స్టీలు గిన్నెలో బియ్యం, ఒకటికి ఒకటిముప్పావు నీళ్ళు. హై ప్రెషర్ 10 నిమిషాలు, ఆవిరి తనంతట తగ్గేదాకా ఆగడం. అన్నం కాస్త మెత్తగా వస్తుంది, పప్పన్నానికి అదే బాగుంటుంది. ఇంటి నుంచి తెచ్చుకోదగ్గవి ఇవి: 19 సెంటీమీటర్ల లోపు వెడల్పు ఉన్న రెండు పలుచటి స్టీలు గిన్నెలు, అంతే వెడల్పున్న మూడు నాలుగు అంతస్తుల ఇడ్లీ స్టాండు, పట్టుకారు. లోపలి గిన్నె సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దుకాణంలోనే టేపుతో కొలిచి కొనండి, పెద్ద స్టాండు తెచ్చి వెనక్కి పంపే దారి ఉండదు.

పోపు ‘సాటే’ మీటతో ఇందులోనే వేయొచ్చు, కానీ అది దీని బలం కాదు. గిన్నె అడుగు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. నూనె అంచులకి జారిపోయి, మధ్యలో ఉన్న ఆవాలు మాడతాయి. పప్పుకి పోపు విడిగా చిన్న మూకుట్లో పెట్టుకోవడమే మేలు. కూరకి ఇందులోనే ఉల్లిపాయలు వేయిస్తే, మూత పెట్టేముందు అరకప్పు నీళ్ళు పోసి చెక్క గరిటెతో అడుగంతా గీకండి. ‘బర్న్’ అనే హెచ్చరిక రావడానికి ముఖ్య కారణం అలా గీకకపోవడమే. అడుగున అంటుకున్న మసాలా వేడిని పైకి పోనివ్వదు, కింద ఉన్న సెన్సర్ మితిమీరిన వేడిని గుర్తించి ఆపేస్తుంది. చిక్కటి టమాటా గుజ్జు అడుగున ఉన్నా ఇదే జరుగుతుంది, దాన్ని పైన వేసి కలపకుండా వదిలేయాలి. హెచ్చరిక వస్తే క్యాన్సిల్ నొక్కి, ఆవిరి తీసేసి, అడుగు గీకి, ఒక అరకప్పు నీళ్ళు పోసి మళ్ళీ మొదలుపెట్టండి. వంట పాడవదు. ఎండుమిర్చి పోపు పెట్టేముందు పొయ్యి పైన ఫ్యాన్ వేయండి, కిటికీ తీయండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ఫ్యాన్ పొగని బయటికి పంపదు, వడపోసి గదిలోకే వదులుతుంది, దాంతో స్మోక్ అలారం మోగుతుంది.

ఈ కుక్కర్ కొనడానికి అసలు కారణం పెరుగు అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. జనవరిలో ఒహాయోలోనో మిషిగన్‌లోనో గది వేడి 20 డిగ్రీల దగ్గర ఉంటే పాలు రాత్రంతా పెట్టినా తోడుకోవు. ఇందులో తోడుకుంటాయి. అర గాలన్ హోల్ మిల్క్, అంటే 1.9 లీటర్లు, పోసి ‘యోగర్ట్’ మీట నొక్కి, ‘బాయిల్’ అని వచ్చేదాకా ‘అడ్జస్ట్’ నొక్కండి. పాలు 83 డిగ్రీలకి చేరాలి. ఆ వేడికి పాలలోని మాంసకృత్తులు విప్పుకుని పెరుగు గట్టిగా కడుతుంది. అంతకు తక్కువైతే పలుచగా నీళ్ళోడుతుంది. యంత్రం ఒక్కోసారి ఆ వేడికి ముందే ఆగిపోతుంది కాబట్టి పది డాలర్ల వంట థర్మామీటర్ ఒకటి ఉంచుకోండి, తక్కువైతే సాటే ‘లెస్’ మీద కలుపుతూ రెండు మూడు నిమిషాలు వేడిచేయండి. తర్వాత గిన్నె బయటికి తీసి సింకులో చల్లటి నీళ్ళలో పెట్టి 43–45 డిగ్రీలకి దించాలి. వేలు పెడితే గోరువెచ్చకి కొంచెం పైన అనిపిస్తుంది. రెండు చెంచాల తోడు కలిపి, గిన్నె బయటివైపు తడి తుడిచి, మళ్ళీ యోగర్ట్ ‘నార్మల్’ మీద పెట్టండి. 6 గంటలకి కమ్మగా, 8 గంటలకి కాస్త పులుపుగా వస్తుంది. ఇక్కడ టైమరు సున్నా నుంచి పైకి లెక్కిస్తుంది, అది చెడిపోయి కాదు.

తోడుకి కొనే పెరుగు డబ్బా మీద ‘లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్’ అని ఉండాలి, పదార్థాల జాబితాలో జెలటిన్, పెక్టిన్, చక్కెర ఉండకూడదు. తోడు వేసినా పెరుగు అవ్వలేదంటే పాలు ఇంకా వేడిగా ఉండగా వేశారన్నమాట, తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. తోడు ఎక్కువేస్తే త్వరగా పులిసి నీళ్ళు విడుస్తుంది. అయ్యాక కదపకుండా నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితేనే గట్టిపడుతుంది.

ఇడ్లీ పిండికీ ఇదే యోగర్ట్ అమరిక, చలికాలంలో 8 నుంచి 12 గంటలు. పిండి సగం గిన్నెకి మించకూడదు, మించితే పొంగి హీటర్ మీదకి పోతుంది. కుక్కర్ మూత బిగించకండి. ప్రెషర్ ఎక్కితే పైకి లేచి మూతని బిగించే పిన్ను ఒకటి ఉంటుంది, పిండి పొంగి దాని దగ్గర గట్టిపడితే మూత తెరుచుకోదు. ఏదైనా గాజు మూతో, పళ్ళెమో పెట్టండి చాలు. ఇడ్లీలు ఉడికించేటప్పుడు వాల్వ్‌ని ‘వెంటింగ్’ వైపు తెరిచే ఉంచాలి. అప్పుడు ప్రెషర్ రాదు కాబట్టి లోపలి టైమరు నడవదు. ఆవిరి బాగా రావడం మొదలయ్యాక ఫోన్‌లో 12 నిమిషాలు పెట్టుకోండి.

మిగతావి క్లుప్తంగా. రాత్రంతా నానిన శనగలు 20 నిమిషాలు. నానిన రాజ్మా 30 నిమిషాలు. రాజ్మాని ‘స్లో కుక్’లో మాత్రం ఎప్పుడూ వండకండి. సరిగ్గా మరగని రాజ్మాలో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, స్లో కుక్ వేడి దాన్ని పోగొట్టడానికి చాలదు. గుడ్లు 5 నిమిషాలు, 5 నిమిషాలు ఆగి చల్లటి నీళ్ళలో వేయడం. ఎముకలున్న కోడి కూర 6 నిమిషాలు, కోడి నీరు వదులుతుంది కాబట్టి నీళ్ళు తక్కువ పోసినా ఫర్వాలేదు. కొలరాడోలో చదివేవాళ్ళకి ఒక మాట: 2,000 అడుగుల ఎత్తు దాటాక ప్రతి వెయ్యి అడుగులకి సమయం 5 శాతం పెంచాలి. డెన్వర్, బౌల్డర్ 5,000 అడుగుల పైన ఉన్నాయి, కనీసం 15 శాతం కలుపుకోండి.

దీన్ని ఎక్కడ పెడతారన్నది వంటంత ముఖ్యం. ఖాళీ ఉంది కదా అని పొయ్యి మీద పెట్టకండి. పొరపాటున ఎవరైనా బర్నర్ తిప్పితే అడుగు కరిగిపోతుంది. చెక్క కబోర్డు కింద పెట్టి ఆవిరి వదిలితే దాని పైపొర ఉబ్బి ఊడిపోతుంది, వదిలేముందు ముందుకి లాగండి. 6 క్వార్ట్ 1000 వాట్లు తీసుకుంటుంది. అమెరికాలో 120 వోల్టుల, 15 ఆంపియర్ల సర్క్యూట్ మొత్తం తట్టుకునేది 1800 వాట్లు. అదే సర్క్యూట్ మీద మైక్రోవేవ్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ వాడకండి. యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాళ్ళు కొనేముందు హౌసింగ్ వాళ్ళ నిషేధిత వస్తువుల జాబితా చదవండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల గదిలో పెట్టకూడదు, కామన్ కిచెన్‌లోనే వాడాలి.

కుక్కర్ చచ్చిపోయే అతి మామూలు కారణం వినడానికి నమ్మశక్యంగా ఉండదు. లోపలి గిన్నె సింకులో ఉండగా, గమనించకుండా బియ్యం, నీళ్ళు నేరుగా హీటర్ మీద పోసేయడం. నలుగురు వాడే వంటగదిలో ఇది జరుగుతుంది. కడిగిన గిన్నెని వెంటనే లోపల పెట్టేయడం అందరికీ అలవాటు చేయండి.

మూతలోని సిలికాన్ గాస్కెట్ సాంబారు, వెల్లుల్లి వాసన పీల్చుకుంటుంది, పూర్తిగా వదలదు. నీళ్ళు, వెనిగర్ చెరో కప్పు పోసి మూడు నిమిషాలు ఆవిరి పట్టిస్తే కొంత తగ్గుతుంది. అసలు పరిష్కారం రెండు గాస్కెట్లు: రెండు రంగుల జత దొరుకుతుంది, ఒకటి కారం వంటలకి, ఒకటి పెరుగు, పాయసాలకి. ఏడాది, ఏడాదిన్నరకి మార్చాలి. ఆవిరి పక్కల నుంచి కారుతూ ప్రెషర్ రాకపోతే మొదట చూడాల్సింది కూడా అదే, కడిగాక గాడిలో సరిగ్గా కూర్చోలేదేమో.

ధర సుమారు వంద డాలర్లు, నవంబర్లో థాంక్స్‌గివింగ్ మర్నాడు బాగా తగ్గుతుంది. ఆగస్టులో దిగినవాళ్ళు అప్పటిదాకా ఆగలేకపోతే సీనియర్ల దగ్గర పాతది చూడండి. దీన్ని మొదలుపెట్టింది కెనడాలోని ఒటావాలో రాబర్ట్ వాంగ్ బృందం, 2010లో మార్కెట్లోకి వచ్చింది. సంస్థ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరినా, కుక్కర్లూ గాస్కెట్లూ అమ్ముడవుతూనే ఉన్నాయి, విడిభాగాలకి భయం లేదు. అమెరికాలో కొన్నది 120 వోల్టులది. చదువయ్యాక ఇండియాకో, జర్మనీకో తీసుకెళ్ళే ఆశ పెట్టుకోవద్దు, అక్కడి 230 వోల్టులకి కాలిపోతుంది. మే నెలలో ఖాళీ చేసేవాళ్ళు తక్కువకే అమ్ముకోవడం అందుకే.

పాతది తీసుకునేటప్పుడు డబ్బు ఇచ్చేముందే మూడు కప్పుల నీళ్ళు పోసి, రెండు నిమిషాలు ‘స్టీమ్’ పెట్టి చూడండి. పిన్ను పైకి లేవాలి, పక్కల నుంచి ఆవిరి రాకూడదు. మూత లోపల వాల్వ్‌కి చిన్న స్టీలు జల్లెడ మూత ఉందో లేదో చూడండి, అది పోయి ఉంటే పప్పు తొక్కలు వాల్వ్‌కి అడ్డం పడతాయి. హీటర్ మీద తుప్పు, మాడిన మరకలు ఉంటే వద్దు. జెమ్ 65 అనే మోడల్ కనిపిస్తే అడుగున ఉన్న బ్యాచ్ నంబరు చదవండి. అది అసలు ప్రెషర్ కుక్కరే కాదు, పైగా అడుగు వేడెక్కి కరుగుతోందని 1728, 1730, 1731, 1734, 1746 బ్యాచులని 2018 మార్చిలో వెనక్కి తీసుకున్నారు. ఆ నంబర్లు ఉన్నది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.